కిటికీ అద్దంలో మట్టిగాజుల ముక్కలు ఎందుకు నిలవలేదు? ఇంట్లో గ్లాస్ ఫ్యూజింగ్ మొదలుపెట్టడంపై చర్చ

కొత్తపలక (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నేను గ్లాస్ ఫ్యూజింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. కోసిన గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, కిల్న్ అనే కొలిమిలో కరిగేదాకా వేడి చేసి, ఒకే పలకగా అతికించే ఈ పనిలోకి నేను రావడానికి ఒక కారణం ఉంది. మా అమ్మ వదిలి వెళ్లిన వస్తువుల్లో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. దాని నిండా ఆమె వేసుకున్న మట్టిగాజుల ముక్కలే. ఒక్క గాజు విరిగినా పారేయకుండా దాచుకోవడం ఆమె అలవాటు. ఆ ముక్కలన్నింటినీ ఒక పళ్లెంలో నిలపాలని నా ఆశ.

అద్దాల దుకాణంలో 4 మి.మీ. మందం ఉన్న మామూలు కిటికీ అద్దం రెండు చదరాలుగా కోయించుకున్నాను. వాటి మధ్య ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం రంగుల గాజుల ముక్కలు పరచి, మాకు తెలిసిన కుండల స్టూడియోలో ఉన్న కిల్న్‌లో 820 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్పించాను. మరునాడు తీసి చూస్తే పలక ఎంతో అందంగా, అంచులు గుండ్రంగా కరిగి వచ్చింది. దాన్ని అలమరలో పెట్టాను. మూడవ రాత్రి, ఎవరూ ముట్టుకోకుండానే, పెద్ద శబ్దంతో రెండుగా పగిలింది. పగులు తిన్నగా పోలేదు. ఒక ముక్క అంచు నుంచి మరొక ముక్క అంచుకు వంకరగా పాకింది.

నేను చేసిన తప్పు ఏమిటి? ఇంట్లోనే ఈ పని సాగించాలంటే ఏ గాజుతో, ఎలాంటి కిల్న్‌తో మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మట్టిచక్రం (హైదరాబాద్)

నేను పదిహేనేళ్లుగా కుండల పని నేర్పుతున్నాను. గాజు నా రంగం కాకపోయినా, మా కిల్న్‌లో కొందరు విద్యార్థులు గాజు కాల్చుకున్న అనుభవాన్ని బట్టి చెబుతున్నాను. మట్టి పాత్రలు కాల్చే కిల్న్‌లో వేడి తీగలు పక్క గోడలలో ఉంటాయి. అందువల్ల పలక అంచులు ముందుగా వేడెక్కుతాయి, మధ్యభాగం వెనుకబడుతుంది. గాజుకు ఇది మంచిది కాదు. గాజు కోసం చేసే కిల్న్‌లు లోతు తక్కువగా ఉండి, తీగలు మూతలోనే ఉంటాయి కాబట్టి పలక అంతా పైనుంచి సమంగా వేడెక్కుతుంది.

మీ పలకను ఎంత వేగంతో చల్లార్చారో, కిల్న్‌ను ఎన్ని డిగ్రీల దగ్గర తెరిచారో రాయండి. నా అంచనా ప్రకారం తొందరపడి చల్లార్చడమే మీ పలక పగలడానికి కారణం.

కొత్తపలక

మట్టిచక్రం గారూ, ధన్యవాదాలు. గంటకు 100 డిగ్రీల చొప్పున వేడి పెంచారు. 820 దగ్గర పది నిమిషాలు ఉంచి స్విచ్ ఆపేశారు. పెద్ద కిల్న్ కావడంతో అది దానంతట అదే చల్లారడానికి రాత్రంతా పట్టింది. మర్నాడు ఉదయం తెరిచేసరికి లోపల 45 డిగ్రీలు ఉంది. మధ్యలో ఏ ఉష్ణోగ్రత దగ్గరా ప్రత్యేకంగా నిలిపి ఉంచలేదు.

ఒరెగాన్_గడప (పోర్ట్‌లాండ్ దగ్గర, అమెరికా)

కొత్తపలక గారూ, నాకు తొమ్మిదేళ్లుగా ఇదే వ్యాపకం. మట్టిచక్రం గారు కిల్న్ గురించి చెప్పినది నిజమే కానీ, పగులుకు కారణం విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేకపోతున్నాను. దయచేసి అన్యథా భావించవద్దు.

పగులును చదవడం నేర్చుకుంటే ఈ పనిలో సగం నేర్చుకున్నట్లే. మొదట పగిలిన అంచును చూడండి. అంచు కరిగి గుండ్రబడి ఉంటే, గాజు ఇంకా వేడెక్కుతున్న దశలో, అంటే ప్రారంభంలో వేడి మరీ వేగంగా పెంచినప్పుడు పగిలి, ఆ తరువాత అంచులు కరిగాయని అర్థం. అంచు కత్తిలా పదునుగా ఉంటే చల్లారేటప్పుడో, చల్లారిన తరువాతో పగిలింది. ఇక పగులు దారిని చూడండి. రంగులను పట్టించుకోకుండా పలకకు అడ్డంగా ఒక పెద్ద మెలికలా సాగితే, చల్లార్చడంలో లోపం జరిగిందని అనుమానించాలి. రెండు రకాల గాజులు కలిసే సరిహద్దునే పట్టుకొని నడిస్తే, ఆ రెండు గాజులకు పొత్తు కుదరలేదని అర్థం. మీ పగులు గాజుల ముక్కల అంచుల వెంట పాకిందని మీరే రాశారు. మీ కిల్న్ రాత్రంతా మెల్లగా చల్లారింది కూడా. కాబట్టి ఎంత మెల్లగా చల్లార్చినా ఆ పలక నిలిచేది కాదని నా అభిప్రాయం.

కిటికీ అద్దం ఒక గాజు, మట్టిగాజు మరొక గాజు. రెండూ ఇసుక, సోడా, సున్నంతో చేసినవే అయినా పాళ్లు వేరు, రంగు కోసం కలిపినవి వేరు. అందువల్ల వేడికి వ్యాకోచించే తీరు వేరుగా ఉంటుంది.

భౌతికశాస్త్రం_మాస్టారు (రాజమహేంద్రవరం)

ఈ చర్చ చదువుతుంటే తరగతి గదిలోకి తిరిగి వెళ్లినట్లుంది. నాకు గాజు పని రాదు కానీ, ఆ ముక్కల మధ్య ఏం జరిగిందో లెక్క వేసి చూపగలను.

ఈ పని చేసేవారు గాజు పేరు పక్కన 90 అనో 96 అనో ఒక అంకె రాస్తారు. అది వ్యాకోచ గుణకం. 90 అంటే, ఒక డిగ్రీ వేడి పెరిగినప్పుడు గాజు తన పొడవులో కోటి భాగాలకు 90 భాగాలు పెరుగుతుందని అర్థం. ఒక మీటరు పొడవుకు అది 0.009 మి.మీ. మాత్రమే. ఇంత చిన్న పెరుగుదలతో నష్టమేమిటని అనిపిస్తుంది.

ఇప్పుడు 100 మి.మీ. పొడవున్న రెండు గాజులు అతుక్కున్నాయనుకుందాం. వాటి గుణకాల మధ్య తేడా 10. గాజు సుమారు 500 డిగ్రీల దగ్గర గట్టిపడి, అక్కడి నుంచి గది ఉష్ణోగ్రత 30కి దిగుతుంది. 470 డిగ్రీల ఈ దిగుడులో ఒకటి రెండవదానికన్నా 0.047 మి.మీ. ఎక్కువగా కుంచించుకుపోవాలి. అది మనం రాసుకునే కాగితం మందంలో సుమారు సగం. విడివిడిగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. అతుక్కుపోయిన తరువాత మాత్రం ఒకటి లాగుతుంది, మరొకటి ప్రతిఘటిస్తుంది. లోహమైతే ఆ కాస్త లాగుడుకు సాగి సర్దుకుంటుంది. చల్లారిన గాజుకు సాగే గుణం లేదు కాబట్టి ఆ లాగుడు, అంటే ప్రతిబలం, అంతా లోపలే ఉండిపోతుంది. ఎక్కడో కంటికి కనిపించని చిన్న గీత దగ్గర అది విడుదలైనప్పుడు పలక పగులుతుంది. అది మూడవ రోజు కావచ్చు, మూడవ నెల కావచ్చు.

నిదానంగా చల్లార్చడం, అంటే అనీలింగ్, దీనికి మందు కాదు. ఒకే గాజులో ఒక భాగం ముందూ మరొక భాగం వెనుకా చల్లారడం వల్ల పుట్టే ప్రతిబలాన్ని మాత్రమే అనీలింగ్ తొలగిస్తుంది. రెండు గాజుల స్వభావంలోనే ఉన్న తేడాను ఎంత ఓపికా తొలగించలేదు. కొత్తపలక గారూ, అమ్మా, మీరు చేసిన పనిలో శ్రద్ధ లోపం ఏమీ లేదు.

ఒరెగాన్_గడప

మాస్టారి లెక్కకు ఒక్క మాట జోడిస్తాను. అంకెలు రెండూ ఒకటే అయినంత మాత్రాన గాజులు కలుస్తాయని హామీ లేదు. వేడిలో గాజు ఎంత చిక్కగా ఉంటుంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడుతుంది అన్నది కూడా పొత్తును నిర్ణయిస్తుంది. అందుకే ఇక్కడి తయారీదారులు వ్యాకోచ గుణకాన్ని మాత్రమే నమ్ముకోకుండా, ప్రతి రంగునూ ఒక ప్రామాణిక గాజుతో కలిపి కాల్చి, పరీక్షించి అమ్ముతారు. 1974లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన బుల్స్‌ఐ సంస్థ గాజును 90 అని పిలుస్తారు. స్పెక్ట్రమ్ సంస్థ పేరుతో వచ్చిన సిస్టమ్ 96 గాజు, ఆ సంస్థ 2016లో మూతపడిన తరువాత ఓషన్‌సైడ్ పేరుతో వస్తోంది. విస్‌మాక్ సంస్థ రెండు వరుసలలోనూ గాజు చేస్తుంది. అమెరికాలో ఉన్న మన వాళ్లెవరైనా మొదలుపెట్టాలనుకుంటే, ఏదో ఒక వరుసను ఎంచుకొని, మొదటి ఏడాది రెండవ వరుస ముక్కను ఇంట్లోకి కూడా రానివ్వకండి. కోసిన తరువాత తుక్కు ముక్కలు ఏవి ఏ వరుసవో కంటితో గుర్తుపట్టడం సాధ్యం కాదు. నా తొలి ఏడాది పోయిన నాలుగు పలకలూ అలా పోయినవే.

హైదరాబాద్‌లో ఉన్నవారికి నా సలహా వేరు. మొదట ఒకే కిటికీ అద్దపు షీటు కొనుక్కొని, దానితోనే రెండు నెలలు పని చేయండి. రంగు లేకపోయినా కోయడం, శుభ్రం చేయడం, కాల్చడం, చల్లార్చడం మొత్తం దానితోనే నేర్చుకోవచ్చు. రంగు కావాలంటే రెండు పలకల మధ్య పలుచని రాగి రేకు పెట్టండి. రేకు పలుచనిదీ మెత్తనిదీ కాబట్టి గాజు లాగుడుకు లొంగుతుంది. లోపల అది ముదురు ఎరుపుగానో, గాలి తగిలిన చోట నీలి ఆకుపచ్చగానో మారుతుంది. లావు రాగి తీగ మాత్రం పెట్టవద్దు. అది లొంగదు.

అద్దాల_అంగడి (విజయవాడ)

మాది మూడు తరాల అద్దాల దుకాణం. ఫ్యూజింగ్ కోసం మా దగ్గరకు వచ్చేవారు ఈమధ్య కనిపిస్తున్నారు. కొనేటప్పుడు చూసుకోవలసినవి రాస్తున్నాను.

టఫెన్డ్ (గట్టిపరచిన) అద్దం అడగవద్దు, ఇచ్చినా తీసుకోవద్దు. దాన్ని కోయలేరు. గీత పెట్టి విరిచే ప్రయత్నం చేస్తే గులకల్లా రాలిపోతుంది. సాధారణంగా దాని మూలలో చిన్న ముద్ర ఉంటుంది. ముఖం చూసుకునే అద్దాలకు వెనుక పూత ఉంటుంది కాబట్టి అవీ పనికిరావు. కార్ల ముందు అద్దంలో రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి దాని జోలికి అసలు వెళ్లవద్దు. మీకు కావలసింది మామూలు తెల్ల ఫ్లోట్ అద్దం. పెద్ద షీట్లు కోయగా మిగిలిన పట్టీలు ప్రతి దుకాణంలోనూ మూలన పడి ఉంటాయి. అవి అడగండి. ఒక దుకాణంలోని పట్టీలన్నీ ఒకే కంపెనీవి కాకపోవచ్చు. కాబట్టి ఒక పలకలో వాడే ముక్కలన్నీ ఒకే షీటు నుంచి వచ్చేలా చూసుకోండి.

ఫ్లోట్ అద్దానికి రెండు ముఖాలు ఒకేలా ఉండవని చాలామందికి తెలియదు. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఈ పద్ధతిలో కరిగిన గాజు కరిగిన తగరం మీద తేలుతూ చదునవుతుంది. అందువల్ల తగరాన్ని తాకిన ముఖానికి కంటికి కనిపించని తగరపు ఛాయ అంటుకుంటుంది. కిటికీకి బిగించినప్పుడు దాని వల్ల తేడా ఏమీ ఉండదు. మీ పనిలో మాత్రం తేడా ఉంటుందని మా దగ్గర కొన్న ఒకావిడ చెప్పారు. 254 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ దీపం చీకట్లో పక్కనుంచి వేస్తే తగరపు ముఖం పాలలా మెరుస్తుంది. ఆ దీపాన్ని నేరుగా చూడవద్దు.

కోయడం గురించి ఒక మాట. గ్లాస్ కట్టర్ చక్రానికి కొద్దిగా కిరసనాయిలు అద్ది, ఒక చివర నుంచి రెండో చివర వరకు ఆపకుండా ఒక్కసారే గీత పెట్టాలి. పట్టుగుడ్డ చింపుతున్నట్లు సన్నని శబ్దం వస్తే గీత సరిగా పడినట్లు. గరగరమని పొడి రాలితే ఒత్తిడి ఎక్కువైనట్లు. అదే గీత మీద రెండవసారి నడిపితే కట్టర్ పోతుంది, అద్దమూ దారి తప్పి విరుగుతుంది. గీత పెట్టిన వెంటనే విరవండి.

చిన్నవంటిల్లు (బెంగళూరు)

నేను రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాను. పెద్ద కిల్న్‌కు చోటు లేక మైక్రోవేవ్ కిల్న్ కొన్నాను. అది డబ్బా ఆకారంలో ఉండే చిన్న పాత్ర. దాని మూత లోపలి పూత మైక్రోవేవ్‌లను పీల్చుకొని గాజు కరిగేంత వేడి పుట్టిస్తుంది. పది నిమిషాలలోపే చిన్న లాకెట్టు తయారవుతుంది. కొత్తపలక గారు దీనితో మొదలుపెట్టవచ్చు కదా?

ఒరెగాన్_గడప

మొదలుపెట్టవచ్చు. అయితే దాని హద్దు తెలుసుకొని మొదలుపెట్టాలి. అందులో వేడి ఎంత వేగంగా పెరుగుతుందో, ఎంత వేగంగా దిగుతుందో మన చేతిలో ఉండదు. మూడు, నాలుగు సెంటీమీటర్ల ముక్క అయితే, మూత తీయకుండా ముప్పావు గంట వదిలేస్తే సాధారణంగా నిలుస్తుంది. అంతకన్నా పెద్దదానికి నిజమైన అనీలింగ్ అవసరం, అది అందులో కుదరదు. కొత్తపలక గారు కోరుకుంటున్న పళ్లెం అందులో పట్టదు కూడా. ఇంకొక మాట. కిల్న్ పెట్టిన మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం వేడి చేయవద్దు. దానికోసం వేరే పాత మైక్రోవేవ్ ఉంచుకోండి.

పళ్లేలు చేయాలంటే మూతలో తీగలున్న చిన్న గాజు కిల్న్, దానితో పాటు ప్రోగ్రామ్ చేసుకునే కంట్రోలర్ ఉండాలి. కంట్రోలర్ లేని కిల్న్ ఎంత చవకగా వచ్చినా కొనవద్దని గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఈ పనిలో కరిగించడం పది నిమిషాల ముచ్చట. మిగిలిన గంటలన్నీ వేడిని అదుపులో పెంచడానికీ, దించడానికీ పోతాయి. అర్ధరాత్రి రెండు గంటలకు లేచి మీట తిప్పుతూ ఎవరూ నెలల తరబడి చేయలేరు.

మట్టిచక్రం

కారణం విషయంలో ఒరెగాన్_గడప గారు చెప్పినదే సరైనది. నేను మట్టి అలవాటుతో ఆలోచించాను. అయితే కరెంటు విషయం నేను చెప్పగలను. ఇంట్లోని మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు కిల్న్ తగిలించవద్దు. రెండు, మూడు కిలోవాట్ల కిల్న్‌కు 16 ఆంపియర్ల సాకెట్, దానికి మీటరు పెట్టె నుంచి విడిగా ఒక తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. గీజరు అదే లైను మీద ఉంటే కాల్చేటప్పుడు వేయకూడదు. ఇన్వర్టర్ మీద కిల్న్ నడవదు.

మధ్యలో కరెంటు పోతే కంగారుపడి మూత ఎత్తవద్దు. అదొక్కటే చేయకూడని పని. వేడి పెరుగుతున్నప్పుడు పోతే చల్లారనిచ్చి, మరుసటి రోజు మొదటి నుంచి మళ్లీ నిదానంగా కాల్చుకోవచ్చు. చల్లారే దశలో పోతే పలక బాగానే కనిపించినా నమ్మవద్దు. దాన్ని మళ్లీ నిదానంగా అనీలింగ్ ఉష్ణోగ్రత దాకా వేడి చేసి, నిలిపి, దించండి. మా స్టూడియోలో రాత్రిపూట కాల్చడానికి ఇదీ ఒక కారణం. వేసవి మధ్యాహ్నాల కన్నా రాత్రుళ్లు కోతలు తక్కువ.

కొత్తపలక

ఇన్ని వివరాలు ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక్క ప్రశ్న నన్ను వదలడం లేదు. అలాగైతే అమ్మ గాజులు ఇక పళ్లెంలోకి చేరవా? అన్ని రంగులూ కిటికీ అద్దంతో పొసగవని ముందే తేల్చుకోవలసిందేనా?

ఒరెగాన్_గడప

తేల్చుకోవలసిన అవసరం లేదు. పరీక్షించాలి. ఈ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు.

కిటికీ అద్దం నుంచి నాలుగు వేళ్ల వెడల్పున్న పట్టీ కోయండి. దాని మీద ఒక్కొక్క రంగు గాజు నుంచి చిటికెన వేలి గోరంత ముక్క తీసి, రెండు అంగుళాల ఎడంతో పెట్టండి. ఏ ముక్క ఏ రంగుదో, ఏ గాజు నుంచి తీసిందో ఒక పుస్తకంలో రాసుకోండి. పూర్తిగా కరిగించి, నియమం ప్రకారం అనీల్ చేయండి. తరువాత లాప్‌టాప్‌లో తెల్లని తెర తెరిచి, పట్టీని తెర ముందు పట్టుకొని, పోలరాయిడ్ చలువ కళ్లద్దాల గుండా చూడండి. లాప్‌టాప్ తెర నుంచి వచ్చే కాంతి ముందే ధ్రువణం చెంది, అంటే ఒకే దిశలో కంపిస్తూ, ఉంటుంది కాబట్టి, కళ్లద్దాలను మెల్లగా తిప్పితే ఒక కోణంలో తెర నల్లబడుతుంది. ఆ నలుపులో ముక్క చుట్టూ తెల్లని వెలుగు మూలలుగా కనిపిస్తే అక్కడ ప్రతిబలం ఉన్నట్లు. వెలుగు ఎంత ఎక్కువైతే పొత్తు అంత చెడ్డది. ఏమీ కనిపించకపోతే ఆ రంగు మీ అద్దంతో కలుస్తుంది. రంగు ముక్క లేని ఖాళీ అద్దం ముక్కను కూడా అదే కాల్పులో పెట్టండి. దానిలో కూడా వెలుగు కనిపిస్తే లోపం రంగుది కాదు, మీ అనీలింగ్‌ది.

రెండు 4 మి.మీ. పలకలకు నేను వాడే క్రమం ఇది. గంటకు 150 డిగ్రీల చొప్పున 540 వరకు, అక్కడి నుంచి 200 చొప్పున 680 వరకు పెంచి అరగంట నిలుపుతాను. పలకల మధ్య చిక్కిన గాలి బయటకు పోవడానికి ఈ అరగంట. ఇక్కడ తొందరపడితే లోపల పెద్ద బుడగలు మిగులుతాయి. తరువాత వీలైనంత వేగంగా 825కి చేర్చి పది నిమిషాలు ఉంచి, మూత తీయకుండా 550కి దిగనిచ్చి గంటసేపు నిలుపుతాను. ఫ్లోట్ అద్దానికి అనీలింగ్ జరిగేది ఆ చుట్టుపక్కలే. అక్కడి నుంచి గంటకు 60 డిగ్రీల చొప్పున 400 వరకు, తరువాత 100 చొప్పున 100 వరకు దించి, ఆపై స్విచ్ ఆపేస్తాను. లోపల 50 డిగ్రీలకు దిగాకే తెరుస్తాను. బుల్స్‌ఐ గాజు వాడేవారు ఈ అంకెలు వాడకూడదు. దానికి అనీలింగ్ 482 దగ్గర, పూర్తి కరుగుదల 804 దగ్గర. ప్రతి కిల్న్‌లో వేడి సూచిక కాస్త తేడాగా చూపుతుంది కాబట్టి నా అంకెలు మీ కిల్న్‌లో ఐదో పదో అటూఇటూ కావచ్చు.

మందం గురించి కూడా తెలుసుకోండి. కరిగిన గాజు తలతన్యత వల్ల సుమారు 6 మి.మీ. మందానికి చేరాలని చూస్తుంది. ఒక్క పొర 3 మి.మీ. గాజును పూర్తిగా కరిగిస్తే అంచులు లోపలికి ముడుచుకొని పళ్లెం వంకరవుతుంది. మీ 8 మి.మీ. దొంతర కాస్త బయటికి పరుచుకుంటుంది. కిల్న్ లోపల గాజును పెట్టే షెల్ఫ్ మీద చుట్టూ చోటు వదలండి.

చిన్నవంటిల్లు

షెల్ఫ్‌కు గాజు అంటుకోకుండా ఏం వాడాలో కొత్తపలక గారికి ఎవరూ చెప్పలేదు. నేను ఫైబర్ పేపరు, అంటే వేడిని తట్టుకునే పీచు కాగితం, వాడుతున్నాను. కాల్చిన తరువాత అది పొడిగా రాలుతుంది. ఆ పొడి ప్రమాదమా?

మట్టిచక్రం

ప్రమాదమే. దీన్ని తేలికగా తీసుకోవద్దని అందరినీ కోరుతున్నాను. అలాంటి పేపరులో వాడే సిరామిక్ ఫైబరును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఊదవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. ఎన్95 గానీ అంతకన్నా మంచిది గానీ మాస్కు పెట్టుకొని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి. కాల్చేటప్పుడు ఆ పేపరులోని జిగురు కాలి పొగ వస్తుంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచండి. వంటగదిలో ఈ పని అసలు చేయవద్దు.

మామూలు పలకలకు కిల్న్ వాష్ చాలు. అల్యూమినా హైడ్రేట్, చైనా మట్టి నీళ్లలో కలిపి మెత్తని బ్రష్‌తో నాలుగు దిక్కులా నాలుగైదు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. పూర్తిగా కరిగించే కాల్పు ఒకసారి జరిగాక ఆ పూత స్వభావం మారి, రెండవసారి గాజు అడుగున అంటుకుంటుంది. అందుకే ప్రతి పూర్తి కాల్పు తరువాత గీకి కొత్తగా పూయాలి. గీకేటప్పుడూ మాస్కు తప్పనిసరి. గాజు కోసేటప్పుడు కంటికి అద్దాలు, కాళ్లకు చెప్పులు ఉండాలి.

పూసలదారి (తిరుపతి)

చర్చలోకి ఆలస్యంగా వస్తున్నాను. తిరుపతి దగ్గర పాపనాయుడుపేటలో గాజు పూసలు చేసే పనివారు ఉన్నారు. కరిగిన గాజును పొడవైన సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేసే లాడ పద్ధతి అక్కడిది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన ప్రాచీన పూసలను చేసిన పద్ధతికి ఇది వారసత్వమని పూసల చరిత్ర పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ రాశారు. మన నేల మీద ఇంత పాతగా నిలిచిన గాజు పని ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ పంచుకోవాలనిపించింది. ఆ పూసలను కిటికీ అద్దంలో వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒరెగాన్_గడప గారు చెప్పిన పరీక్షే దానికీ జవాబు. నేను ఒకసారి ఆ పరీక్ష లేకుండా నల్ల పూసలతో ఒక పలక చేసి, వారం తరువాత పగిలిన రెండు చెక్కలు చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

కొత్తపలక (ఐదు వారాల తరువాత)

సభ్యులందరికీ నమస్కారం. కంట్రోలర్ ఉన్న చిన్న కిల్న్ కొన్నాను, 16 ఆంపియర్ల లైను విడిగా వేయించాను. మీరు చెప్పినట్లే పరీక్ష చేశాను. ఫలితాలు రాస్తున్నాను.

డబ్బాలో వేర్వేరుగా కనిపించిన తొమ్మిది రంగుల ముక్కలు తీశాను. ఖాళీ అద్దం ముక్కలో వెలుగు కనిపించలేదు కాబట్టి అనీలింగ్ కుదిరిందని ధైర్యం వచ్చింది. రెండు ఎరుపు ముక్కల రంగు కాల్పులో పూర్తిగా పోయి, అడుగున మామూలు తెల్ల గాజు మిగిలింది. ఆ రంగు గాజులో లేదని, పైపూత మాత్రమేనని అప్పుడు తెలిసింది. బంగారు చుక్కలన్నీ మాయమయ్యాయి. పసుపు, నారింజ, ముదురు నీలం ముక్కల చుట్టూ కళ్లద్దాలలో ప్రకాశవంతమైన వెలుగు కనిపించింది. పసుపు ముక్క దగ్గర పట్టీ రెండవ రోజే చీలింది. ఒక చిలకపచ్చ, ఒక లేత నీలం ముక్కల చుట్టూ మాత్రం చీకటి చీకటిగానే ఉంది. మిగిలిన రెండింటిలో మసక వెలుగు ఉంది కాబట్టి వాటిని పక్కన పెట్టాను.

చిలకపచ్చ గాజులు మా అమ్మ శ్రావణమాసంలో వేసుకునేది. ఆ రంగు నిలిచినందుకు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. దానితోనూ లేత నీలంతోనూ ఒక పలక కాల్చాను. పగలలేదు. అయితే పైముఖమంతా పాలమీగడలా మసక పొర కట్టింది. ఇది ఏమిటి? అలాగే పొత్తు కుదరని రంగులను ఏం చేయాలో కూడా చెప్పండి.

ఒరెగాన్_గడప

ఆ మసకను డీవిట్రిఫికేషన్ అంటారు. గాజు ఉపరితలంలో సన్నని స్ఫటికాలు ఏర్పడటం వల్ల అది వస్తుంది. ఫ్లోట్ అద్దానికి ఈ గుణం ఎక్కువ. వేలిముద్ర, కట్టర్ నూనె, ధూళి ఏది మిగిలినా స్ఫటికం మొదలవడానికి విత్తనమవుతుంది. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్కతో కడిగి, శుభ్రమైన నీటితో రెండుసార్లు జాడించి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, ఆ తరువాత అంచులు మాత్రమే పట్టుకోండి. 700 నుంచి 800 వరకు కిల్న్ నిదానంగా నడవకుండా చూడండి. తగరపు ముఖం విషయంలో అద్దాల_అంగడి గారు విన్న మాట నిజమే. పలకను అచ్చులో వంచి పళ్లెం చేసేటప్పుడు తగరపు ముఖం లోపలి వైపు ఉంటే, అక్కడ ఉపరితలం కుదించుకుని మంచు పట్టినట్లు మసకబారుతుంది. ఆ ముఖాన్ని అచ్చుకు తగిలేలా కింద పెట్టండి.

ఇక పొత్తు కుదరని రంగులు. అవి కిటికీ అద్దంతో కలవవు. తమతో తాము కలుస్తాయి. ఒకే డజను గాజులు సాధారణంగా ఒకే కరిగింపు నుంచి వచ్చి ఉంటాయి. పసుపు ముక్కలను పసుపుతోనే, నీలం ముక్కలను నీలంతోనే చిన్న కుప్పలుగా పేర్చి, అద్దం లేకుండా కాల్చండి. రూపాయి బిళ్లంత చిన్న బిళ్లలు వస్తాయి. వాటిని వేర్వేరుగా పరీక్షించండి. వాటి రంగులలో ఏమేం కలిపారో తెలియదు కాబట్టి మీ పళ్లెంలో గానీ బిళ్లలతో గానీ తినే పదార్థం పెట్టవద్దు.

కొత్తపలక (మరో మూడు వారాల తరువాత)

చిలకపచ్చ, లేత నీలం పళ్లెం మసక లేకుండా వచ్చింది. నేటికి పన్నెండు రోజులైంది. లాప్‌టాప్ ముందు మూడుసార్లు పట్టి చూశాను. మచ్చలేని చీకటి. మిగిలిన రంగులతో ఏడు బిళ్లలు చేసి, పైన చిన్న రంధ్రం ఉండేలా ఫైబర్ పేపరు చుట్ట పెట్టి కాల్చి, దారంతో తూర్పు కిటికీకి కట్టాను. పూత పోయి తెల్లగా మిగిలిన ఎర్రగాజుల బిళ్లను కూడా వాటి మధ్యనే కట్టాను. నాలుగవ బిళ్లలో మాత్రం మసకగా ఒక వెలుగు గీత కనిపిస్తోంది. అది రెండు వేర్వేరు డజన్ల నారింజ ముక్కలతో చేసినది.

భౌతికశాస్త్రం_మాస్టారు

అమ్మా, ఆ నాలుగవ బిళ్లను కిటికీ నుంచి విప్పి ఒక గుడ్డ సంచిలో ఉంచండి. దాని కింద పిల్లలు ఆడుకుంటే ప్రమాదం. రెండు డజన్లను విడదీసి రెండు బిళ్లలుగా మళ్లీ కాల్చి చూడండి, వెలుగు పోయిందో లేదో ఇక్కడ రాయండి.